పచ్చ అట్ట నవల

తొమ్మిదేళ్లుగా ఒక పుస్తకం బరువు మోస్తున్నాను. నూట అరవై పేజీల చిన్న నవల. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను, మీరూ చదివేవాళ్లే కనుక.

తార్నాకలో జిరాక్స్ షాపులో పని నాది. పదో తరగతి తప్పాను. ఆ తర్వాత చదివిందంతా దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక చిన్న లైబ్రరీలోనే. నాకు కార్డు లేదు. అటెండరు నర్సింలన్న "కూసొని చదువుకో చెల్లె, బయటికి మాత్రం తీస్కపోకు" అని రానిచ్చాడు. చరిత్ర, తత్వం, అర్థశాస్త్రం, ఒక్కో అరా చదివేస్తూ వెళ్లాను. "ఏంది చెల్లె, ప్రొఫెసర్లతోని పోటీయా?" అనేవాడు. నాకెంత గర్వమో!

అప్పుడు దొరికింది ఆ నవల, పిల్లల అరలో. తొమ్మిదో తరగతి తప్పిన అమ్మాయి, ఇంట్లో చెప్పలేక, రోజూ యూనిఫాం వేసుకుని బడికని బయల్దేరి ఊరంతా తిరుగుతుంది. నిలబడే నాలుగు పేజీలు చదివాను. ముప్పై ఐదేళ్లదాన్ని, అయినా ఆ పిల్ల నేనే! అన్ని లావుపాటి పుస్తకాల్లో ఒక్కసారైనా నేనెందుకు కనబడలేదు?

కానీ పిల్లల నవల చదువుతున్నానని నర్సింలన్నకు తెలిస్తే? కార్డు లేనివాళ్లం ఒక పని చేస్తాం. సగం చదివిన పుస్తకం మర్నాటికి ఇంకొకరి చేతికి పోకుండా, ఎవరూ ముట్టని అరలో దాచేస్తాం. నేను పాత వ్యవసాయ నివేదికల వెనక దాచాను.

మూడో రోజు ఒక విద్యార్థిని దానికోసం వచ్చింది. నర్సింలన్న గంటసేపు వెతికి నా దగ్గరికొచ్చాడు.

"చెల్లె, పచ్చ అట్ట ఉంటది, పిల్లల నవల. ఏడన్న చూసినవా?"

"గసొంటివి నేను చదువుతనా అన్నా?"

"అవు గద, నిన్ను అడుగుడేంది!" అని నవ్వుకుంటూ వెళ్లాడు. "అరలన్నీ వెతికాను, పుస్తకం పోయింది" అని లైబ్రేరియన్ మేడమ్‌కు రాసిచ్చాడు.

అప్పుడైనా చెప్పానా? లేదు. ఆయన అటు వెళ్లగానే పుస్తకం తీసి మిగిలిన నలభై పేజీలు ఒక్క గుక్కలో చదివాను. ఏడ్చాను, నవ్వాను. తర్వాత ఎవరూ చూడకుండా దాని చోట దాన్ని పెట్టేశాను. అంతా సరిచేశాననుకున్నాను. ఎంత తెలివి!

మర్నాడు ఆ విద్యార్థినే అరలోంచి తీసుకుని మేడమ్ బల్ల మీద పెట్టింది.

"కండ్లు పనిచేస్తలేవా నర్సింలూ? వెతకకుండనే వెతికిన అని రాసిస్తవా?" అందరి ముందూ అడిగింది మేడమ్.

"నిన్న లేకుండె మేడమ్. ఒట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వారమే ఆయన్ని కింద, పాత పేపర్ల గదికి మార్చారు. పుస్తకం దాచడం కంటే, దొంగచాటుగా తిరిగి పెట్టడమే ఆయన్ని అబద్ధాలకోరును చేసింది. ఆ పూటే నోరు తెరిచి ఉంటే నాకు పోయేదేమిటి? కాస్త పరువు. అంతేనా? అంతే.

నెల తర్వాత కొత్త కళ్లద్దాలతో కనబడ్డాడు. "చూపు తగ్గింది చెల్లె. ముంగట ఉన్నది గూడ కనవడలే నాకు."

ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా "మంచిగున్నయి అన్నా అద్దాలు" అన్నాను.

ఆయన రిటైరై మౌలాలిలో ఉంటున్నాడట. వెళ్లి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. చెప్పినా క్షమించాలని ఏముంది? పుస్తకం దాచింది నేను. తిరిగి పెట్టింది నేను. ఇది దాచినన్నాళ్లూ ఆ నవల చదివానని కూడా ఎవరితోనూ అనలేకపోయాను. ఇవాళ అంటున్నాను. చదివాను. ఎంత బాగుందో తెలుసా మీకు! ఆ పిల్ల చివరికి వాళ్లమ్మకు నిజం చెప్పేస్తుంది.