పూచీ మాస్టారి బస్సు

మా పూచీ మాస్టారు పోయారు. మా అమ్మాయికి సత్తెనపల్లిలో నర్సు ఉద్యోగం వచ్చిందని తెలిసిన మర్నాడే ఆ కబురూ తెలిసింది. మొదటి లడ్డూ ఆయన నోట్లోనే పెట్టాలని పెట్టె పట్టుకుని వాళ్ల వీధికి వెళుతుంటే, మేకలు తోలుకుపోతున్న కుర్రాడు ఆగి, 'ఎక్కడికి పెదనాన్నా, మాస్టారు తెల్లారగట్ల పోయాడంటగా' అన్నాడు. ఆ పెట్టె అట్లాగే చేతిలో పట్టుకుని వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. నా సంతోషం ఆగదు, ఏడుపూ ఆగదు. చూసినవాళ్లు ఏమనుకున్నారో.

పూచీ అనేది ఆయన పేరు కాదు. మా ఊరు తగిలించిన ఎగతాళి. మాది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు. మా బడిలో ఏడో తరగతి దాకా ఉండేది. అధికారులు వచ్చి, వాటిల్లో పై తరగతులు తీసేసి మెయిన్ రోడ్డు మీది హైస్కూల్లో కలుపుతామన్నప్పుడు ఆడపిల్లల తల్లులు ఒప్పుకోలేదు. కంపచెట్ల మధ్య మనిషి అలికిడి లేని దారి అది. ఊరి నాయకుడు లేచి, పిల్లలకి బస్సు వేయిస్తానన్నాడు. తల్లులు తలలు అడ్డంగా ఊపారు. అప్పుడు మాస్టారు లేచి, 'బస్సు రాకపోతే నన్నడగండమ్మా, నాదీ పూచీ' అన్నారు. మేం నమ్మింది నాయకుణ్ణి కాదు, ఆయన్ని. అందరం సరేనన్నాం.

తరగతులు పోయాయి. బస్సు రాలేదు. నాయకుణ్ణి అడిగితే ఫైలు నడుస్తోందనేవాడు. పిల్లలు నడవలేక ఒక్కొక్కరే బడి మాని మిరపకోతలకు వెళ్లడం మొదలైంది. టీ కొట్టు దగ్గర మాస్టారు కనపడితే చాలు, 'ఏం మాస్టారూ, మీ పూచీ ఎందాకా వచ్చింది? కారంపూడి దాటిందా?' అనేవాళ్లు. 'టైరు పంచరయిందంటరా' అని ఆయనా నవ్వేవారు. అట్లా నవ్వి ఇంటికొచ్చిన రోజుల్లో ఆయనకి అన్నం సయించేది కాదని వాళ్లావిడ చానా కాలం తర్వాత మా ఇంట్లో చెప్పింది.

ఒకరోజు పొద్దున్నే మా గుమ్మం ముందు ఆయన గొంతు వినపడింది. 'బస్సొచ్చింది, ఎక్కవే' అని మా అమ్మాయిని పిలుస్తున్నారు. ఆయన వెనక ఇద్దరు పిల్లలు సంచులతో వరసగా నిలబడి ఉన్నారు. మా ఆవిడ గుమ్మానికి అడ్డం వచ్చింది.

'ఏంది మాస్టారూ ఈ ఆటలు? మిమ్మల్ని నమ్మి ఒకసారి మోసపోయింది చాలదా?'

'నేనూ మోసపోయానమ్మా. వాళ్లు మాట తప్పారని నన్నూ తప్పమంటావా?'

మా ఆవిడ పక్కకి జరిగింది.

ఆ రోజు నుంచీ ఆయనే బస్సు. గుమ్మం గుమ్మానికీ 'హోల్డాన్' అని ఆగేవారు. పిల్ల వరసలో చేరగానే 'రైట్ రైట్' అనేవారు. దారిలో టికెట్ అడిగేవారు. ఎక్కం అప్పజెబితే అదే టికెట్టు. ముందురోజు ఎగ్గొట్టినవాళ్లకి, 'నీకు ఛార్జీ పెరిగిందే, రెండెక్కాలు చెప్పు' అనేవారు. పిల్లల్ని గేటు దగ్గర దింపి, అంత దారీ పరుగులాంటి నడకతో తిరిగొచ్చి తన బడి తెరిచేవారు. రిటైరయ్యాకా మానలేదు. కోతల రోజుల్లో కూలీల ట్రాక్టరు కన్నా ముందే వీధిలోకి వచ్చేవారు. అట్లా నడిచి నడిచి నా బిడ్డ నర్సమ్మ అయింది. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా నాకు తనివి తీరడంలేదు.

మొన్న సంతాపసభ పెట్టారు. ఆ పొద్దున మా ఊళ్లోకి నిజంగానే ఒక బస్సు వచ్చింది. అందులోంచి జనం దిగారు. మాస్టారు పోయిన దగ్గర్నుంచీ ఇళ్లల్లోనే ఉండిపోయిన ఆడపిల్లలు దాన్ని చూసి లోపలికి పరిగెత్తి, సంచులు తగిలించుకొచ్చి ఎక్కి కూర్చున్నారు. 'మాస్టారి పూచీ వచ్చిందే' అంటోంది మా పక్కింటి పిల్ల. డ్రైవరు వెనక్కి తిరిగి, 'దిగండమ్మా, ఇది స్కూలు బస్సు గాదు, మీటింగు బస్సు' అన్నాడు.

వాళ్లు దిగుతుంటే మైకులో నాయకుడి గొంతు వినపడుతోంది. మాస్టారి కల తాను తీరుస్తాడట, దానికి తనదే పూచీ అట. ఆ మాట ఆ నోట వినేసరికి నా ఒళ్లు మండింది. బతికున్నప్పుడు మోసం చేసినవాళ్లు ఫోటోకి దండేసి మళ్లీ మోసం చేశారు. జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక బస్సు వెళ్లిపోయింది. పక్కింటి పిల్ల నా పంచె పట్టుకుని అడిగింది.

'రేపొస్తదా తాతా?'

నాదీ పూచీ అనబోయి ఆగిపోయాను.

'బస్సు సంగతి నాకు తెలవదే. నువ్వు మాత్రం జడేయించుకుని రెడీగా ఉండు.'

తెల్లారి వాళ్ల గుమ్మం ముందు నిలబడి హోల్డాన్ అన్నాను. పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. నాకు ఎక్కాలు పూర్తిగా రావు, అందుకని టికెట్లు వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. దుమ్ములో నిన్నటి బస్సు చక్రాల గుర్తులు ఇంకా చెరగలేదు. మెయిన్ రోడ్డు దాకా రెండు గీతలు సాగి ఉన్నాయి. ఒక గీత మీద కొందరు, రెండో గీత మీద కొందరు, పిల్లలు నడుస్తున్నారు.