రైఫిల్ ముట్టుకునే ముందు పిడికెడు వెల్లుల్లి

ఆగస్టు నెల. మధ్యాహ్నం మూడు గంటలు. సన్నటి వాన. భద్రాచలం దాటి తారురోడ్డు అడవిలోకి మళ్ళిన చోట ట్రక్కు దిగాను. వీపు మీద ఇరవై కిలోల సంచి, భుజాన రైఫిల్, నడుముకి రెండు నీళ్ళ సీసాలు. ముళ్ళతీగ చుట్ల వెనక ఇసుక బస్తాల గోడ, నాలుగు కాపలా మోర్చాలు, ఒక రేకుల వంటశాల. పదహారు నెలలు అదే నా ఊరు. మేం నిజానికి కేంద్ర బలగం వాళ్ళం. మా ఏన్కూరు వైపు అందరూ మిలిట్రీ అంటారు. నేనూ కాదనను.

మిగతావాళ్ళలో చాలామంది ఇళ్ళు రైల్లో రెండు రోజుల దూరం. మా ఇల్లు కొత్తగూడెం, జూలూరుపాడు మీదుగా మూడు గంటలు. అదృష్టవంతుడివన్నారు. ఆ ధీమాతోనే ఆరేళ్ళ కూతురికి ఫోన్లో మాటిచ్చేశాను, ఈసారి సద్దుల బతుకమ్మకి తంగేడు పూలు నేనే కోసుకొస్తానని. అంతకు ముందు రెండేళ్ళూ ఇదే మాట చెప్పి తప్పాను.

సెలవుల జాబితాలో నా పేరు లేదు. ఏడాదిగా ఇంటి మొహం చూడనివాళ్ళకి ముందు ఇచ్చారు. న్యాయమే. న్యాయమని తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరదు.

క్యాంపులో సిగ్నల్ అందేది నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కచోటే. ఎదురుగా వంటశాల. వంట చూసే హవల్దారు ములుగు వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఇంటికి ఫోన్ చేసినవాడు మళ్ళీ రైఫిల్ ముట్టుకునే ముందు ఆయన దగ్గర కూర్చుని పిడికెడు వెల్లుల్లి ఒలవాలి. ఏ ఆర్డరులోనూ లేదు. అయినా కంపెనీ కమాండర్ కూడా వచ్చి ఒలిచేవాడు. పండగల్లో ఫోన్లు ఎక్కువ కదా, దసరా నుంచి దీపావళి దాకా పప్పులో వెల్లుల్లి, కూరలో వెల్లుల్లి, ఆఖరికి ఉప్మాలోనూ వెల్లుల్లే. అస్సాం నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్ ఓసారి తల్లితో మాట్లాడి వచ్చి గంటసేపు ఒలిచాడు. హవల్దారు ఒక్క ప్రశ్న అడగలేదు. గిన్నె నిండేసరికి ఆపరేటరే అంతా చెప్పుకుని తేలికపడ్డాడు. అంత ఓపిక నేను ఏ డాక్టరులోనూ చూడలేదు.

సద్దుల బతుకమ్మకి ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఇంటికి ఫోన్ చేశాను. రావడం లేదనగానే పాప ఫోన్ వాళ్ళమ్మ చేతికి ఇచ్చేసింది.

"రానోనివి పాపకెందుకు ఆశ పెట్టినవ్?" అని మా ఆవిడ పెట్టేసింది.

వచ్చి వెల్లుల్లి ముందు కూర్చున్నాను. మొహాన నవ్వు పులుముకుని నాలుగు జోకులు కూడా వేశాను. హవల్దారు నా మొహం చూడలేదు. గిన్నె వంక చూశాడు. నేను రెబ్బలు చెత్తలోకి, పొట్టు గిన్నెలోకి వేస్తున్నాను.

"నీ చేతులు ఈడున్నయ్. నువ్వు ఏన్కూరుల ఉన్నవ్. రేపు రోడ్డు మీదికి పోవద్దు," అన్నాడు.

తెల్లవారి ఐదున్నరకి రోడ్డు తనిఖీ నాది. బండ్లు కదలకముందే ఆరు కిలోమీటర్లు నడిచి మందుపాతరలు ఉన్నాయేమో చూడాలి. తనిఖీ కాని అంచు మీద కాలు పెట్టకూడదు. పన్నెండేళ్ళ సర్వీసు నాది, వంటాయన నాకు చెప్పడమేంటని మండిపడ్డాను. గరిటె పట్టేవాడికి రోడ్డు సంగతేం తెలుసని కూడా అన్నాను. ఆయన గిన్నెలోంచి పొట్టు ఏరుతూ కూర్చున్నాడు. తర్వాత కమాండర్ దగ్గరికి వెళ్ళి, నా పేరు తీయించి తన పేరు వేయించుకున్నాడు.

తెల్లవారి ఆయన బూట్లు బిగించి వెళ్ళాడు. నేను గరిటె పట్టాను. అరవై మందికి ఉప్మా మాడగొట్టాను. ఏడుంపావుకి రేడియోలో ఆయన గొంతు. నాలుగో కల్వర్టు, ఎడమ అంచున కొత్త మట్టి, ఆగామని హిందీలో రెండు ముక్కలు. గరిటె వదిలేసి రేడియో దగ్గరికి వెళ్ళాను. వారం రోజులుగా నా కన్ను ఆ కల్వర్టు మీదే ఉంది. అంచు నుంచి ఒక్క అడుగు దిగితే అక్కడ విరగబూసిన తంగేడు. పొద్దున్నే నాలుగు కొమ్మలు విరిచి, సామాను బండి డ్రైవరుతో ఇంటికి పంపుదామని నేను ఎవరికీ చెప్పకుండా అనుకున్నాను. ఒక్క అడుగే కదా అని.

నిపుణులు వచ్చి రెండు గంటలు తవ్వారు. మందుపాతర అయ్యుంటే కథ రక్తి కట్టేది. కానీ దొరికింది తుప్పుపట్టిన నూనె డబ్బా. క్యాంపంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆయన వచ్చి బూట్లు విప్పుకుంటూ అడిగాడు, "నువ్వైతే ఆడ ఆగుదువా?"

"లేదన్నా. పూలకోసం దిగేటోణ్ణి."

"ట్యాంకు కాడ పాపకు పూల మాటిచ్చినప్పుడే ఇన్న. గది తెలిసే నేను పోయిన."

ఏడ్చాను. దాచుకోలేదు. నిన్న అన్నమాటకి క్షమించమన్నాను. ఉప్మా మాడగొట్టినందుకు అడగమన్నాడు.

వెల్లుల్లి గిన్నె కడిగి, తను కోసుకొచ్చిన తంగేడు పూలు అందులో పోశాడు. సాయంత్రం ట్యాంకు పక్కన అన్నం పళ్ళెంలో బతుకమ్మను పేర్చాం. ఎలా పేర్చాలో పాప వీడియో కాల్లో చెబుతుంటే అస్సాం ఆపరేటర్ పూలు అందించాడు. వంకరగా వచ్చింది. పాప మాత్రం బాగుందంది. మా ఆవిడ ఫోన్ పెట్టేయలేదు.

సర్వీసు ముగించుకుని ఏన్కూరు వచ్చేశాను. పండగ నెలలో ఇంటినిండా చుట్టాలు, కొత్త బట్టల గొడవలు, మాటకి మాట. నా గొంతు లేచిందంటే మా ఆవిడ వెల్లుల్లి గిన్నె ముందుకు జరుపుతుంది. కూర్చుని ఒలుస్తాను. ఒలుస్తున్నంతసేపూ ఆనాటి రోడ్డే కనిపిస్తుంది. పదింపావు ఎండ. నిపుణులు అంచు శుభ్రమని తేల్చాక కోసిన పూలు, తువ్వాలు మూటలో. కుడిచేత రైఫిల్. నేను తిట్టిన ఆ మనిషి రోడ్డు నడిమధ్యన, ముందువాడి అడుగులో అడుగు వేస్తూ, నా కూతురి పూలు మోసుకొస్తున్నాడు.