వెనక వరసలో మొలిచిన పన్ను

2018 వేసవి. శ్రీకాకుళంలో పిల్లల పళ్ల క్లినిక్ పెట్టి రెండేళ్లయింది. అప్పట్లో నా నోటికి అదుపుండేది కాదు. ఎవరైనా సొంత వైద్యం చేసుకొస్తే ముందు చీవాట్లు, తర్వాతే మందు.

ఓ ఉదయం చేపలమ్మే నూకమ్మ తన ఏడేళ్ల మనవరాలు గౌరిని తీసుకొచ్చింది. కింది ముందుపళ్లలో ఒక పాలపన్ను బాగా కదులుతోంది. అది ఊడకముందే దాని వెనక ఇంకో పన్ను మొలిచింది. ఆ వెనకపన్ను చుట్టూ చిగురు కోసుకుపోయి ఎర్రగా ఉంది.

"ఇదేంటి మామ్మా?"

"టంగూసు కట్టి లాగినాను డాక్టరమ్మా, వల అల్లే దారం. మా పేటలో పిల్లలందరి పళ్లూ నానే పీకుతాను. ఇదేటో దొంగపన్ను, ఎంత లాగినా రాలేదు. నువ్వు పీకీ."

నాకు ఒళ్లు మండింది. "అది పర్మనెంట్ టూత్! జీవితాంతం ఉండాల్సిన పన్ను. దవడలో చోటు చాలక వెనక నుంచి వచ్చింది, దీన్నే క్రౌడింగ్ అంటాం. ఊడొస్తే మళ్లీ మొలుస్తుందా? పిల్ల నోటితో ఆటలా?"

నూకమ్మ మొహం చిన్నబోయింది. గౌరి ఠక్కున నోరు మూసేసింది. ఆ పాలపన్ను తీసేస్తే చాలు, నాలుకే వెనకపన్నును మెల్లగా ముందుకు నెడుతుంది. చిటికెలో పని. కానీ ఎంత బతిమాలినా పిల్ల నోరు తెరవదే!

చివరికి పళ్లు బిగించే అంది: "మా మామ్మని తిట్టినావు."

నిజంగా సిగ్గేసింది. నూకమ్మ వైపు తిరిగి, "తప్పయింది మామ్మా. ఏ పన్నో నేను చూపిస్తాను, నువ్వే తియ్యి" అన్నాను.

నూకమ్మ చేతులు కడిగించి గ్లోవ్స్ తొడిగాను. చిగురుకి మత్తు జెల్ రాశాను. పేటలో అందరి పళ్లూ పీకిన మనిషి, "ఇదేనా? బాగా సూసి సెప్పమ్మా" అని మూడుసార్లు అడిగింది.

గౌరి నోరు బారెడు తెరిచింది. ఒక్క మెలి, పాలపన్ను నూకమ్మ వేళ్ల మధ్య ఉంది. పిల్ల కిక్కురుమనలేదు. ముసలమ్మే కళ్లు తుడుచుకుంది.

కొన్ని నెలలకి వెనకపన్ను వరసలోకొచ్చింది, కాస్త వంకరగానే. నూకమ్మ ఇప్పుడు పేట పిల్లల్ని ముందు నాకు చూపించాకే పీకుతోంది.

ఆ రోజు నుంచి పిల్లల ముందు వాళ్ల పెద్దల్ని తిట్టడం మానేశాను. పిల్లలు ఎవర్ని నమ్ముకుని నా కుర్చీ ఎక్కుతారో, వాళ్లని నేను చిన్నబుచ్చితే ఇక నాకు నోరెందుకు తెరుస్తారు?