పెరుగన్నంలో ఆలుగడ్డ

పెరుగన్నంతో కలిపి మూడు రకాల తిండి తప్ప ఇంకేదీ ముట్టని మా మనుమరాలిని మొన్న కరీంనగర్‌లో పిల్లల డాక్టరుకు చూపించాము. ఫీజు కాస్త తగ్గుతుందేమోనని అలవాటు కొద్దీ నేను మాటలు కలుపుతుంటే, ఆయన నన్ను లెక్కచేయకుండా కోడలితో చెప్పాడు: ఇది మొండితనం కాదు, కొందరు పిల్లలకు కొన్ని వాసనలూ, నోట్లో తగిలే తీరూ నిజంగానే భయం పుట్టిస్తాయి, బెదిరించొద్దు, పాప నమ్మి తినేదాంట్లో తెలియకుండా ఏదీ కలపొద్దు. ఆ చివరి మాటకు నా బేరం ఆగిపోయింది.

నా చిన్నతనంలో సుల్తానాబాద్‌లో మాకు కిరాణా కొట్టుండేది. ఎనిమిదేళ్ళ నా చెల్లె పెరుగన్నం, మురుమురాలు తప్ప ఏది పెట్టినా కక్కుకునేది. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల మీద పగబట్టినట్టే ఉండేవాళ్ళం. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. బాపు కంచం విసిరేవాడు. మేనత్త వచ్చినప్పుడల్లా అవ్వను దెప్పేది.

"రెండు దినాలు మాడవెట్టు వదినా, రాయి వెట్టినా తింటది."

"మాడవెట్టి సూసిన. మంచం వట్టింది గని ముట్టలే. ఇంక నువ్వే తినిపియ్యి" అని అవ్వ కంచం ఆమె ముందుకు తోసేది.

పదిహేనేళ్ళకే కొట్టుకొచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పోనివ్వని నేను, ముద్దకో రంగు గాజు చొప్పున బేరం పెట్టాను. ఏదీ కోరుకోని మనిషితో బేరమెట్లా సాగుతుంది? ఓడిపోయి, చివరికి కొట్టు విద్యే వాడాను. పాత బియ్యంలో గుప్పెడు గుప్పెడు కొత్తవి కలిపి, ఎవరికీ తెలియకుండా అమ్మే ఇంటివాణ్ణి కదా; ఉడికిన ఆలుగడ్డను వెన్నలా మెదిపి పెరుగన్నంలో కలిపాను. తెలుపులో తెలుపు, ఎవరు పట్టుకుంటారు?

మొదటి ముద్దకే చెల్లె దవడ ఆగింది. అవ్వ వైపు కాదు, నా వైపే చూసింది.

"గిండ్ల ఏం గల్పినవ్ అన్నా?"

"ఏం గల్పలే, తిను" అన్నాను, గిరాకీకి చెప్పే గొంతుతోనే.

ఆనాటి నుంచి పెరుగన్నమూ పోయింది. మురుమురాలతో ఎన్నాళ్ళు నిలుస్తుంది? సోలి పడిపోతే బాపు భుజాన వేసుకుని బస్సులో కరీంనగర్ తీసుకుపోయి సెలైన్ ఎక్కించాడు. మళ్ళీ పెరుగు ముట్టడానికి నెలలు పట్టింది, అదీ తన చేత్తో తను కలుపుకుంటేనే.

డాక్టరు మాట చెబుదామని నిన్న ఫోన్ చేస్తే చెల్లె మెత్తబడలేదు.

"డాక్టర్ జెప్తె నమ్మినవ్. గప్పుడు నేను ఏడ్సుకుంట జెప్తె, నాటకమంటిరి అందరు."

మనుమరాలి పెరుగన్నం ఇప్పుడు తనకే వదిలేశారు, ఎవరూ కంచం విసరరు. కొట్లలోనూ సరుకంతా సీలు వేసిన ప్యాకెట్లలోనే వస్తోంది, కలిపే విద్యకు పనిలేకుండా పోయింది. అరవై దాటిన నా చెల్లె మాత్రం మా ఇంటికి వస్తే ఇప్పటికీ మా గిన్నెలో పెరుగు ముట్టదు. సంచీలోంచి కొనుక్కొచ్చిన పెరుగు డబ్బా తీసి, నా ఎదురుగానే కూర్చుని, మూత చించుతుంది.