పెళ్లికొడుకు తలపాగా

డెబ్బైల్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. నాకొక పాత కారు ఉండేది. నాతో పనిచేసే స్నేహితుడి పెళ్లికి, సంగారెడ్డి అవతల కొండాపూర్ వైపు ఉన్న పెళ్లికూతురి ఊరికి అతన్ని ఆ కారులోనే తీసుకెళ్లాను. వెనక సీట్లో వాళ్ల నాన్న కూర్చున్నారు.

సంగారెడ్డి దాటాక, ఎండలో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఆగిపోయింది. బానెట్ ఎత్తి, కార్బురేటర్‌కి వెళ్లే గొట్టం ఊడదీశాను. స్నేహితుడు ముందునుంచి హ్యాండిల్ తిప్పినా అందులోంచి పెట్రోలు చుక్క రాలేదు. ట్యాంకులో పెట్రోలు ఉంది. దాన్ని ఇంజనుకి లాగే పంపు ముట్టుకుంటే చెయ్యి కాలింది.

“ఏందన్నా, ఖరాబైందా?” అన్నాడు.

“లేదు. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతోంది. తడిగుడ్డ చుట్టి చల్లారిస్తే చాలు.”

నీళ్లున్నాయి, గుడ్డ లేదు. నా జేబురుమాలు చాలలేదు. అతను తలమీది కొత్త తలపాగా విప్పి నా చేతికిచ్చాడు.

“పెండ్లికొడుకు ఉత్త తలకాయతోని పోతడారా?” అన్నారు వాళ్ల నాన్న.

“లగ్గం టైముకు పోకుంటే తలకు రుమాల ఉండి ఏం ఫాయిదా బాపు?”

పక్కనున్న, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిస్తే ఇంకో తంటా కాబట్టి, గుడ్డను బాగా పిండి పంపుకి చుట్టాను. కాసేపటికి హ్యాండిల్ తిప్పితే గొట్టంలోంచి పెట్రోలు చిమ్మింది.

ముహూర్తానికి ముందే చేరాం. నూనె మరకల గుడ్డ చూసి, పెళ్లికూతురి అన్న తన తలపాగా తీసి బావ తలకి చుట్టాడు. అందరికంటే ముందు పెళ్లికొడుకు నాన్నే నవ్వారు.

తర్వాత సెలవురోజున పంపుకీ పొగగొట్టానికీ మధ్య, వేడి తగలకుండా రేకు ముక్క బిగించాను. ఆ వేసవిలో బండి మళ్లీ అలా ఆగలేదు.