పులుపక్క కణాలు

ప్రయోగశాలలో అందరూ ఆమెను పులుపక్క అంటారు. రోజంతా ఆమ్లంతో కాపురం చేసే మనిషిని ఇంకేమంటారు? కణాల పైపొరలో కంటికి ఆనని తలుపులుంటాయి. బయటి ద్రవం పుల్లబడగానే ఆమ్లంలోని ప్రోటాన్లు వచ్చి వాటి వెలుపలి భాగానికి అంటుకుంటాయి. తలుపు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకుపోతుంది. ఆపైన ఆమ్లం అక్కడే ఉన్నా తలుపు దానంతటదే మూసుకుంటుంది. మన ఒంటికి నొప్పి తెలిసే దారుల్లో ఇదొకటి. అలాంటి తలుపులున్న కణాలను పులుపక్క ఏడాదిగా కంటికి రెప్పలా పెంచుతోంది.

వారం నుంచి అవి ఉలకవు, పలకవు. ఆమ్లం ఎంత పోసినా, కణంలోకి పోయే కరెంటును చూపే తెర మీద గీత కదలదు.

"నీ కణాల్లో తలుపులూ లేవు, పాడూ లేదు. రేపు వాటిని పారేసి వేరే పని చూసుకోమ్మా," అన్నారు ప్రయోగశాల పెద్దసారు.

"ఉన్నాయి సార్. రేపు మీరే చూస్తారు," అంది పులుపక్క. ఎలా చూపించాలో ఆమెకూ తెలీదు. అయినా గొంతు తొణకలేదు. ఆమె తీరే అంత.

మర్నాడు పొద్దున తల దువ్వుకుంటూ కూతుర్ని లేపుతోంది. "లే! లేవే! లేస్తావా లేదా?" పిల్ల దుప్పటి తీయలేదు.

"అలా నస పెడుతుంటే ఎవరు లేస్తారే? కాసేపు ఊరుకుని ఒక్కసారి పిలువు," అన్నాడు మొగుడు.

ఊరుకుంది. తర్వాత ఒక్క పిలుపుకే పిల్ల లేచి కూర్చుంది. పులుపక్క దువ్వెన చేత్తో పట్టుకునే గుమ్మం దాటింది.

"చెప్పులేసుకోవే!" అని అరిచాడు మొగుడు.

ప్రయోగశాలకు వెళ్లగానే ఆమ్లం గొట్టం కొసకు లిట్మస్ కాగితం ఆనించింది. కుళాయి మూసే ఉంది, కాగితం మాత్రం ఎర్రబడింది. సన్నగా కారుతున్న ఆమ్లంతో కణం చుట్టూ ద్రవం ఎప్పుడూ కాస్త పుల్లగానే ఉంటోంది. ఆ కాస్త పులుపుకే తలుపులు తెరుచుకోకుండానే మొద్దుబారిపోయాయి. వారమంతా కుళాయి వైపు చూడనందుకు తనను తానే తిట్టుకుని, కొత్తది బిగించింది.

పెద్దసారు వచ్చీ రాగానే, "ఊఁ, ఆమ్లం పొయ్యి," అన్నారు.

"ఆగండి సార్. ముందు దాన్ని తేరుకోనివ్వండి."

శుభ్రమైన ద్రవం కణం మీదుగా పారింది. సారు పెన్ను బల్ల మీద టకటకలాడించారు. పులుపక్క ఆ పెన్ను లాక్కుంది. తర్వాత ఒకే ఒక్కసారి ఆమ్లం వదిలింది.

గీత నిట్టనిలువునా కిందికి పడింది. ఈ పనిలో కిందికి పడితేనే గెలుపు; సోడియం లోపలికి దూకిందని అర్థం.

సారు తాను పారేయమన్న కణాల డబ్బాను తన చేత్తోనే తీసుకెళ్లి కణాలు పెంచే వెచ్చటి అరలో భద్రంగా పెట్టి వచ్చారు.

"మళ్లీ చూపించు."

"చూపిస్తా. కాసేపు ఊరుకోండి."

సారు స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.