గేటు వైపు లావు పైపులు

పలాసలో నాది వెల్డింగ్ షాపు. చదివింది పదో తరగతే, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నిరుడు కవిటి దగ్గర ఒక చర్చి ముందు ఆవరణకు అలలా వంపులు తిరిగిన ఇనుప పైపుల కప్పు చేశాను. వెనక వైపు వంపు లోతుగా దిగి బరువు పడేచోట లావు పైపులు, మిగతాచోట సన్నవి లెక్కగట్టి, అన్నిటికీ నంబర్లు రాసి, బిగించమని మేస్త్రీతో పంపాను.

ఒక ముసురు రోజు చూడబోతే లావువన్నీ గేటు వైపే ఉన్నాయి! పొడవు చాలనిచోట ముక్కలు అతికారు. లోతైన వంపులో రేకుల మీద నీరు నిలిచి సన్న పైపులు కిర్రుమంటున్నాయి. వాటి కిందే మా ఆవిడతో సహా ఆడవాళ్లు పాటలు నేర్చుకుంటున్నారు.

"బయటికి రండి!" అని అరిచాను. ఆఖరామె ఇవతలికి రాగానే కప్పు కుర్చీల మీద కూలింది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "లావువి ఎనక్కెడితే ఎవులు సూత్తారు బావా? గేటుకాడైతే అందం!"

నాకు అతని మీద కంటే నా మీదే ఎక్కువ రోత పుట్టింది. నంబర్లు రాశానే గాని, లావువి అక్కడే ఎందుకు పెట్టాలో ఒక్క ముక్క చెప్పలేదు.